ధర్మశాల కాదు సరే, న్యాయశాల మాటేమిటి?

2025 మే 19న సుప్రీంకోర్టులో ఒక శ్రీలంక తమిళుడి అర్జీ విచారణకు వచ్చింది. నిషేధిత సంస్థతో సంబంధం ఉందన్న కేసులో ఏడేళ్ళ శిక్ష పడి, అది పూర్తి చేసుకున్న మనిషి. శిక్ష ముగిశాక దేశం విడిచి పోవాలన్న ఉత్తర్వును ఆపమని అడిగాడు. వెనక్కి పంపితే ప్రాణానికి ముప్పు అనీ, భార్యాబిడ్డలు ఇక్కడే ఉన్నారనీ అతని వకీలు వాదించాడు. ధర్మాసనం వినలేదు. 140 కోట్ల మందితో మనమే అవస్థ పడుతున్నాం, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే కాందిశీకులందరికీ చోటివ్వడానికి ఇదేమీ ధర్మశాల కాదు అన్నారు న్యాయమూర్తి. అర్జీ కొట్టేశారు.

ఆ ఉత్తర్వు తప్పొప్పులు ఎంచడానికి కాదు ఈ వ్యాసం. ఆ మాట ఢిల్లీ నుంచి మన హోసూరు దాకా వచ్చేసరికి ఏ రూపం తీసుకుందో, దాని గురించి రాస్తున్నాను. "దేశమే ధర్మశాల కానప్పుడు వాళ్ళ తరఫున ఈ వకీళ్ళకు కోర్టులో ఏం పని? దేశం మీద ప్రేమ లేక కాకపోతే ఆ కేసులు పడతారా?" ఈ మాట టీ అంగడి దగ్గర విన్నాను, బెంగుళూరు బస్సులో విన్నాను. మన తెలుగు సభల్లో వెనక వరుసల్లో చదువుకున్నవాళ్ళ నోటా విన్నాను. దీనికి జవాబు చెప్పకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది.

నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళకు పైగా లెక్కల మధ్య బతుకుతున్నవాణ్ణి. కాని ఎవరు ఎవరో ఎలా తేల్చాలి, ఏ కాగితం చాలు, రుజువు చూపించాల్సిన బాధ్యత ఎవరిది అన్నవి నా ఉద్యోగంలో రోజూ ఎదురయ్యే ప్రశ్నలే. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. ధర్మశాలలో చోటివ్వడం, ఇవ్వకపోవడం ఇంటాయన ఇష్టం. న్యాయశాలలో మనిషి మాట వినడం ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడింది కాదు. అది న్యాయశాల విధి. "నీకు ఇక్కడ చోటు లేదు" అని ఒక మనిషికి చెప్పాలన్నా ముందు అతను ఎవరో, ఎప్పుడు వచ్చాడో, ఎక్కడ పుట్టాడో తేల్చాలి కదా. ఆ తేల్చే పని వకీలు లేకుండా జరగదు.

ఇంతకూ ఎవరీ మనుషులు? 1983 జూలైలో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన హింస తర్వాత పడవలెక్కి ఇక్కడికి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు. 2021 నాటి లెక్క ప్రకారం తమిళనాడులో నూటికి పైగా శిబిరాల్లో దాదాపు 58 వేల మంది, శిబిరాల బయట ఇంకో 34 వేల మంది ఉన్నారు. మన కృష్ణగిరి జిల్లాలోనూ ఆ శిబిరాలున్నాయి. మనలో చాలామంది వాటి పక్కన రోడ్డు మీద వెళ్ళేవాళ్ళమే కాని లోపలికి వెళ్ళినవాళ్ళం తక్కువ. హోసూరు చుట్టూ లేచిన కొత్త లేఅవుట్లలో ఇళ్ళకు రంగులు వేయడానికి వచ్చేవాళ్ళలో ఆ శిబిరాలవాళ్ళున్నారు. మన గోడలకు రంగు వేసిన చెయ్యి తనిఖీ రోజున శిబిరంలో పేరు పిలిస్తే పైకి లేవాలి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం శిబిరాల పేరును "శ్రీలంక తమిళుల పునరావాస శిబిరాలు" అని మార్చింది. నెల భత్యం ఇంటి పెద్దకు 1,500, మిగతా పెద్దలకు 1,000, పిల్లలకు 500 రూపాయలు చేసింది. ఇళ్ళు కట్టిస్తామంది. మంచి పనే. కాని పేరు మారినా చట్టం దృష్టిలో వాళ్ళ స్థితి మారలేదు. 2003 సవరణ తర్వాత పౌరసత్వ చట్టంలో "అక్రమ వలసదారు" అనే మాట చేరింది. ఆ ముద్ర ఉన్నవాడు అర్జీ పెట్టుకుని పౌరుడు కావడానికి కూడా వీల్లేదు. 2019 సవరణ పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ళకు తలుపు తెరిచింది. శ్రీలంక పేరు అందులో లేదు.

"వాళ్ళ దేశం వాళ్ళకుంది కదా, పోవచ్చు కదా" అంటారు. ఏది వాళ్ళ దేశం? అందరి కథా ఒకటి కాదు. జాఫ్నావాళ్ళ కథ వేరు, తేయాకు తోటలవాళ్ళ కథ వేరు. తోటలవాళ్ళను తెల్లవాడు మద్రాసు రాజధాని జిల్లాల నుంచి ఓడలెక్కించి కాండీ కొండలకు తోలుకుపోయాడు. అప్పటి సేలం జిల్లా నుంచీ వెళ్ళారు. హోసూరు, కృష్ణగిరి ఆనాడు సేలం జిల్లాలోవే. వెళ్ళినవాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలూ లేకపోలేదు. 1948లో స్వతంత్ర సిలోను ఒక్క చట్టంతో లక్షల మందిని ఏ దేశానికీ చెందనివాళ్ళను చేసింది. 1964లో శాస్త్రిగారు, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. మొత్తం 9,75,000 మంది. భారతదేశం వాటా 5,25,000, సిలోను వాటా 3,00,000, మిగిలిన 1,50,000 సంగతి తర్వాత చూద్దాం అన్నారు. 1974లో ఆ మిగిలినవాళ్ళనూ చెరి సగం 75,000 చొప్పున పంచుకున్నారు. లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆస్తుల పంపకంలో కూడా వాటాదారుల సంతకాలు అడుగుతారు. ఇక్కడ పంచింది మనుషులను. సంతకాలు రెండు ప్రభుత్వాలవే.

ఆ లెక్కలో భారత్ వాటాకు రావలసినవాళ్ళలో కొందరికి కాగితాలు పూర్తి కాకముందే 1983 వచ్చిపడింది. వాళ్ళు పౌరులుగా రావలసిన దేశానికి కాందిశీకులుగా వచ్చారు. ముప్పై అయిదేళ్ళు శిబిరాల్లో ఉన్నారు. అలాంటి 65 మంది తరఫున మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనంలో అర్జీలు పడ్డాయి. 2019 జూన్‌లో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ తీర్పు చెబుతూ, వీళ్ళు భారత సంతతివాళ్ళే, పౌరసత్వానికి మళ్ళీ అర్జీలు పెట్టుకోనివ్వండి, గడువులోగా నిర్ణయం చెప్పండి అన్నారు. ఆ చరిత్రను, ఆ ఒప్పందాలను, ఆ తేదీలను కోర్టు ముందు పెట్టింది వకీళ్ళు. కూలి పని చేసుకునే మనిషి 1964 ఒప్పందంలో తన వాటా ఏమిటో చెప్పగలడా?

ఇంకొక సంగతి చూడండి. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26కూ 1987 జూలై 1కీ మధ్య ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతోనే భారత పౌరులు. 1987 తర్వాత పుట్టినవాళ్ళకు తల్లో తండ్రో పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు తర్వాత పుట్టినవాళ్ళకు నిబంధన ఇంకా బిగిసింది. 1986లో మండపం శిబిరంలో ఒక ఆడపిల్ల పుట్టింది. తిరుచ్చి శిబిరంలో కాందిశీకురాలిగా బతికింది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది. పాస్‌పోర్టుకు పెట్టుకుంటే కుదరదన్నారు. కేసు మదురైకి వెళ్ళింది. 2022 ఆగస్టులో హైకోర్టు ఆమె జనన ధ్రువపత్రం చూసి, ఈమె పుట్టుకతోనే భారత పౌరురాలు, పాస్‌పోర్టు ఇవ్వండి అంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆమె ఓటు వేసింది. అంటే 36 ఏళ్ళ పాటు ఈ దేశపు పౌరురాలు ఈ దేశంలోనే కాందిశీకురాలి చీటీ పట్టుకుని తనిఖీలో నిలబడింది. భత్యం ఇచ్చిన ఆఫీసు చెప్పలేదు, లెక్క రాసుకున్న పోలీసు చెప్పలేదు. ఆ తేదీకీ చట్టానికీ ఉన్న సంబంధం చూసి కోర్టు మెట్లెక్కించింది ఒక వకీలు. ఆ వకీలు దేశానికి ద్రోహం చేశాడా? దేశం పోగొట్టుకున్న ఒక పౌరురాలిని వెతికి దేశానికే అప్పగించాడు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన సంగతి. ఎవరైనా బ్యాంకుకు బాకీ ఉంటే కోర్టులో రుజువు చేయాల్సింది బ్యాంకు. 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ఇంకా ఉంది. ఖాతా నకలు ధ్రువపరిచి మేము దాఖలు చేయాలి. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం మాకు చాలా బలమిచ్చింది. అయినా తాకట్టు పెట్టిన ఇంటిని స్వాధీనం చేసుకోవాలంటే 60 రోజుల నోటీసు ఇవ్వాలి. బాకీదారు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. అతను రుణ వసూలు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఖాతాను "మోసం" అని ప్రకటించే ముందు బాకీదారు మాట వినాలని తెలంగాణ హైకోర్టు అంటే, 2023 మార్చిలో సుప్రీంకోర్టు కూడా అవునంది. మా బ్యాంకువాళ్ళకు అప్పుడు విసుగ్గానే ఉండింది. కాని అది న్యాయం.

అదే విదేశీయుల చట్టానికి వస్తే, 1946 నాటి చట్టం 9వ సెక్షను ప్రకారం తాను విదేశీయుడు కానని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ మనిషిదే. 2025 సెప్టెంబరు 1న ఆ పాత చట్టాన్నీ దానితో పాటు మరో మూడింటినీ తీసేసి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం తెచ్చారు. భారం మాత్రం అతని నెత్తి మీదే ఉంచారు. చెల్లే కాగితాలు లేకుండా లోపలికి వస్తే అయిదేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. రిజిస్టరు చేసుకుని 2015 జనవరి 9 లోపు వచ్చిన శ్రీలంక తమిళులకు ఆ శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు, సంతోషం. కాని ఆ తేదీకి ముందు వచ్చానని, రిజిస్టరు చేసుకున్నానని ఎవరు చూపించాలి? మళ్ళీ అతనే. ఇల్లు తాకట్టు పెట్టినవాడికి అన్ని రక్షణలుంటే, పుట్టిన దేశమేదో తేలనివాడికి కనీసం ఒక వకీలు ఉండవద్దా?

"కాగితాలు సరిగ్గా ఉంటే భయమెందుకు" అనేవాళ్ళు ఒకసారి తమ బీరువా తెరిచి చూసుకోండి. మన పేర్ల సంగతి మనకు తెలియదా? తెలుగులో గంగప్ప. తమిళ లిపిలో "గ"కూ "క"కూ ఒకటే అక్షరం. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి పోయేసరికి రేషను కార్డులో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకో పేరు, బడి సర్టిఫికెట్లో మూడో పేరు. ఇంటిపేరు ముందా, తండ్రి పేరు మొదటి అక్షరం ముందా అన్నది వేరే తగాదా. బాగలూరు, బేరికె, తళి పక్కల నుంచి ఖాతా తెరవడానికి వచ్చే పెద్దవాళ్ళ కాగితాల్లో రెండు కాగితాలు ఒక్కలాగే ఉంటే మాకు ఆశ్చర్యం. "ఇద్దరూ ఒకరే" అని అఫిడవిట్ రాయించి తెమ్మంటాం. మా దగ్గర అది ఒక స్టాంపు కాగితంతో పోతుంది. అస్సాంలో అంత తేలిగ్గా పోలేదు. పేర్ల అక్షరాల్లో, తేదీల్లో చిన్న తేడాలున్నాయని ఒక మనిషిని విదేశీయుడిగా ప్రకటించారు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, చేతిలో ఏ ఆధారమూ లేకుండా ఎవరినో ఒకరిని పట్టుకుని నీ పౌరసత్వం రుజువు చేసుకో అనడం కుదరదంది. తీర్పు వచ్చేసరికి ఆ మనిషి బతికి లేడు. ముప్పై ఏళ్ళు సైన్యంలో పనిచేసి రిటైరైన ఇంకొకాయన్ని 2019 మేలో విదేశీయుడని పట్టుకుపోయి నిర్బంధ శిబిరంలో పెట్టారు. గువాహటి హైకోర్టు బెయిలు ఇచ్చాక బయటికి వచ్చాడు. 2025 నవంబరులో మన రాష్ట్రంలో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు పాత జాబితాల్లో అమ్మానాన్నల పేర్ల కోసం మనం ఎంత కంగారుపడ్డామో గుర్తుందా? ఓటు పోతుందేమోనన్న భయానికే అంత కంగారు. మరి దేశమే పోతుందన్న భయం ఎలా ఉంటుంది?

ఇక డబ్బున్నవాళ్ళ సంగతి. స్టేట్ బ్యాంకు నాయకత్వాన బ్యాంకులన్నీ కలిసి ఇచ్చిన అప్పు 9,000 కోట్లకు పైగా తేలిన విజయ్ మాల్యా 2016 మార్చిలో దేశం దాటాడు. ఆయన కొలువు చేసిన బెంగుళూరు మన హోసూరుకు 40 కిలోమీటర్లు. లండన్ కోర్టులో ఆయన వకీళ్ళు ఏం వాదించారు? బొంబాయి ఆర్థర్ రోడ్డు జైల్లో తనను ఉంచబోయే గదిలోకి గాలీ వెలుతురూ సరిగ్గా రావని. 2018లో ఆ న్యాయమూర్తి గది వీడియో తీసి పంపమంటే మన ప్రభుత్వం తీసి పంపింది. ఆ డిసెంబరులో అప్పగించవచ్చని తీర్పు వచ్చింది, 2020 ఏప్రిల్‌లో అప్పీలూ పోయింది. ఆ తర్వాత కూడా ఏళ్ళు గడిచాయి, ఆయన విమానం ఎక్కలేదు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మనిషిని పంపాలా వద్దా అన్న వాదన అదీ. ఆ వకీళ్ళను దేశద్రోహులని మనలో ఎవరైనా తిట్టారా? "ఎంత గట్టి లాయర్లను పెట్టుకున్నాడో" అని ముక్కు మీద వేలేసుకున్నాం. మన కోపమంతా పైసా ఫీజు లేకుండా పేదవాడి పక్కన నిలబడే వకీలు మీదనే.

మన పిల్లల మీదికి వచ్చినప్పుడు మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీని అక్కడి అధికారులు మూసేశారు. అది వీసాల దుకాణం. చేరినవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. మన ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి. ఆ యూనివర్సిటీ నడిపినావిడకు 2014లో 16 ఏళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా ఘోరం. ఆ యూనివర్సిటీని పెట్టింది అమెరికా ప్రభుత్వమే. తరగతి లేదు, పంతులు లేడు, వల మాత్రం ఉంది. మొదట పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగువాళ్ళు. వల్లోకి తోలిన దళారులూ తెలుగువాళ్ళే. అప్పుడు అమెరికా తెలుగు సంఘాలు చేసిన మొదటి పని వకీళ్ళను కుదర్చడం. అక్కడి చట్టంలో వలస కేసుల్లో వకీలును పెట్టుకోవచ్చు కాని ప్రభుత్వం ఖర్చు పెట్టదు. వకీలు ఉంటే తనంత తానే దేశం విడిచిపోయే వెసులుబాటు అడగవచ్చు. లేకపోతే బహిష్కరణ ఉత్తర్వు పడి ఏళ్ళ తరబడి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేడు. కట్టిన ఫీజు తిరిగివ్వమని ఆ విద్యార్థుల తరఫున వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును తోసేసి దావాకు దారిచ్చింది. అదీ వకీళ్ళ పనే.

సిరిసిల్ల జిల్లా మనుషులు అయిదుగురు ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో దుబాయి జైల్లో 18 ఏళ్ళుండి 2024 ఫిబ్రవరిలో ఇళ్ళకు చేరారు. వాళ్ళ కోసం వకీలును వెతికినప్పుడు మనం మెచ్చుకున్నాం. 2025 ఫిబ్రవరిలో 104 మందికి సంకెళ్ళు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించితే దేశమంతా మండిపడింది. అంతకు ముందు 1942లో, మళ్ళీ 1960లలో బర్మా నుంచి తెలుగువాళ్ళు కట్టుబట్టలతో వచ్చారు. కాందిశీకులనే పిలిచాం వాళ్ళనూ. డెట్రాయిట్‌లో మన పిల్లవాడి పక్కన నిలబడ్డ వకీలు దేవుడు, కృష్ణగిరిలో శిబిరం పిల్లవాడి పక్కన నిలబడ్డ వకీలు ద్రోహి! ఇది ఏ కొలత? ఒకే అంగట్లో రెండు తూకం రాళ్ళు పెట్టుకున్నవాణ్ణి మనం ఏమంటామో తెలుసు కదా.

ఎదుటివాళ్ళ మాటల్లో బరువున్నవీ ఉన్నాయి. వాటిని దాటవేయను. మొదటిది, 1991 మే 21. శ్రీపెరుంబుదూరు మన జిల్లా నుంచి చెన్నై పోయే దారిలోదే. ఆ రాత్రిని ఎవరూ మరిచిపోలేరు. కాని ఆ కేసే తీసుకోండి. 1998 జనవరిలో ప్రత్యేక కోర్టు 26 మందికి, అందరికీ, ఉరిశిక్ష వేసింది. సుప్రీంకోర్టులో వాళ్ళ తరఫున సీనియర్ న్యాయవాది ఎన్. నటరాజన్ వాదించారు. 1999 మేలో సుప్రీంకోర్టు నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం ఖాయం చేసి మిగతా 19 మందిని విడిచిపెట్టింది. వకీలు లేకపోతే ఆ 19 మంది ఏమయ్యేవారు? నేరం చేసినవాడికీ చేయనివాడికీ ఒకే తాడు వేస్తే దేశానికి భద్రత ఎక్కువవుతుందా?

రెండోది, వకీళ్ళ పేరు చెప్పుకుని డబ్బు గుంజే దళారులున్నారని. ఉన్నారు. గల్ఫ్ ఏజెంట్ల చేతుల్లో మన తెలుగువాళ్ళు పడ్డ పాట్లు తక్కువా? కాని దొంగ డాక్టరు ఉన్నాడని ఆసుపత్రి మూయము. నిజమైన వకీలు శిబిరం గుమ్మం దాకా రాకపోతేనే దళారి లోపలికి వస్తాడు.

మూడోది, మన పేదవాళ్ళకే దిక్కు లేదు, వీళ్ళకు ఉచిత వకీలా అని. మన పేదవాడికి ఏ చట్టం వకీలును ఇస్తోందో వీళ్ళకూ అదే ఇస్తోంది. 1987 నాటి న్యాయసేవల అథారిటీల చట్టం 12వ సెక్షను తీసి చూడండి. అందులో ఉన్న మాట "పౌరుడు" కాదు, "వ్యక్తి". స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవాళ్ళు, జాతి హింసకు గురై దిక్కులేనివాళ్ళు, వీళ్ళందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. జాతి హింసకు గురైనవాళ్ళంటే ఈ శిబిరాలవాళ్ళు కాక ఇంకెవరు? రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకే, నిజమే. 14, 21 అధికరణాలు మాత్రం మనిషై పుట్టిన ప్రతివాడికీ. 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పి, పౌరుడు కాకపోయినా ప్రాణం కాపాడాల్సింది రాష్ట్రమే అంది. అరెస్టయినవాడు తనకు నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు 22వ అధికరణంలో ఉంది. అక్కడా "వ్యక్తి" అనే రాశారు. మరి కోర్టు బెయిలిచ్చిన విదేశీయుణ్ణి ప్రభుత్వ ఉత్తర్వుతో నేరుగా తిరుచ్చి ప్రత్యేక శిబిరానికి తరలించే పద్ధతి ఉంది చూడండి, దాన్ని ప్రశ్నించాలంటే వకీలు తప్ప ఎవరున్నారు?

చివరగా మన సొంత సంగతి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు హోసూరు తాలూకా మద్రాసులోనే మిగిలింది. మనం ఇల్లు కదల్లేదు, గీత మన ఇంటి అవతల పడింది. ఆ రోజు నుంచి అల్పసంఖ్యాకులమయ్యాం. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన పిల్లలు పదో తరగతిలో తమిళ పేపరు రాయాల్సి వస్తే ఎక్కడికి పోయాం? హైకోర్టుకు పోయాం, మినహాయింపు తెచ్చుకున్నాం. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాకా పోయి ఇంకో ఏడాది తెచ్చుకున్నాం. "ఈ రాష్ట్రంలో ఉంటూ తమిళం రాయమంటే కోర్టుకెక్కుతారా, వీళ్ళకు వకీళ్ళెందుకు" అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆ మాట మనకు ఎక్కడ తగిలిందో మరిచిపోకూడదు. మందిబలం లేనివాడికి మిగిలేది కోర్టు ఒక్కటే. కోర్టులో నోరు లేనివాడికి మిగిలేది వకీలు ఒక్కడే. ఆ దారిన పోయి వచ్చిన మనం ఇంకొకడి దారికి ముళ్ళకంప అడ్డం వేస్తామా?

కాబట్టి నేనడిగేది పెద్దదేమీ కాదు. జిల్లా న్యాయసేవల అథారిటీ మన జిల్లాలోని ప్రతి శిబిరంలో నెలకొక రోజు వకీళ్ళను కూర్చోబెట్టాలి. ఎవరు 1987 జూలైకి ముందు పుట్టారు, ఎవరి తల్లో తండ్రో పౌరులు, ఎవరి తాతల పేర్లు 1964 ఒప్పందం కింద పెట్టిన అర్జీల్లో ఉన్నాయి అని ఒక్కొక్క కుటుంబం కాగితాలూ చూడాలి. హోసూరు, కృష్ణగిరి కోర్టుల్లో ప్రాక్టీసు చేసే మన తెలుగు వకీళ్ళు అందులో చేరాలి. బెంగుళూరులో లా చదువుతున్న మన పిల్లలు సెలవుల్లో వచ్చి ఆ కాగితాలు వరస పెట్టాలి. మన సంఘాలు ఉగాదికి పెట్టే ఖర్చులో కొంత జెరాక్సులకూ బస్సు చార్జీలకూ తీసి పెడితే చాలు. బ్యాంకు ఉద్యోగులం ఫారాలు నింపడంలో ఆరితేరినవాళ్ళం. ఆదివారాల్లో మా చేతులూ ఖాళీయే.

ఇందులో ఎవరికీ దేశాన్ని దానమివ్వమని లేదు. చివరికి కోర్టు "నువ్వు వెళ్ళాలి" అంటే వెళ్ళాల్సినవాడు వెళ్తాడు. కాని ఆ మాట అతని కాగితం చదివి, అతని వకీలు వాదన విని, కారణం రాసి చెప్పాలి. పదివేల రూపాయల బాకీదారుకు మేము ఇచ్చే మర్యాద అది. బతుకంతా పణంగా ఉన్నవాడికి అంతకంటే తక్కువ ఇవ్వమనడానికి మనకు నోరెలా వస్తుంది?